రాజవంశ ఆభరణాలు: గుర్తింపు, పూర్వచరిత్ర శోధన

ఒక నగ లేదా రత్నం ఏ రాజకుటుంబానిది, ఎప్పుడు ఎక్కడ తయారైంది, ఎవరి నుంచి ఎవరికి చేరింది, మధ్యలో దాని రూపం ఎలా మారింది అనే విషయాలను ఆధారాలతో తేల్చడమే రాజవంశ ఆభరణాల పూర్వచరిత్ర శోధన. ఇందులో శాసనాలు, ఖజానా పద్దులు, చిత్రాలు, ఫొటోలు, రత్నశాస్త్రం, కంసాలి పనితనం, న్యాయశాస్త్రం అన్నీ కలుస్తాయి. ప్రపంచ ప్రసిద్ధి పొందిన పాత వజ్రాల్లో చాలావాటి మూలం కృష్ణా తీరంలోని గనులు. నిజాంల ఆభరణాలు మన దేశంలో ప్రభుత్వ అధీనంలో ఉన్న రాజవంశ సేకరణల్లో అతి ముఖ్యమైనవి. ఈ రెండు కారణాల వల్ల ఈ శోధనలో తెలుగు నేల ప్రస్తావన తరచుగా వస్తుంది.

నిర్వచనం, పరిధి

రాజవంశ ఆభరణాలను యాజమాన్యాన్ని బట్టి మూడు వర్గాలుగా చూస్తారు. సింహాసనానికి చెంది, గద్దె ఎక్కిన వారికి వారితోపాటే సంక్రమించేవి మొదటి వర్గం. రాజు లేదా రాణి సొంత సొమ్ము, కట్నకానుకలు, స్త్రీధనం రెండో వర్గం. రాజులు దేవాలయాలకు సమర్పించినవి మూడో వర్గం. ఐరోపాలో, ఇరాన్‌లో మొదటి రెండింటి మధ్య గీత కొంత స్పష్టంగానే ఉండేది. ఫ్రాన్స్ మూడో గణతంత్ర ప్రభుత్వం 1887లో రాజ్య ఆభరణాలను వేలం వేయగలిగింది. ఇరాన్ 1937లో వాటిని కరెన్సీకి పూచీగా జాతీయ బ్యాంకుకు అప్పగించింది. రెండు చోట్లా అవి రాజ్యానివే అన్న విషయంలో సందేహం లేదు. భారతీయ సంస్థానాల్లో మాత్రం తోషాఖానా (రాజ్య ఖజానా)లోని నగకూ అంతఃపురంలోని నగకూ మధ్య హద్దు ఎప్పుడూ మసకగానే ఉండేది. 1947 తర్వాత తలెత్తిన వివాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

శోధనలో రత్నాన్నీ నగనూ వేరుగా చూడాలి. రత్నం శతాబ్దాలు నిలుస్తుంది, నగ నిలవదు. తరం మారినప్పుడల్లా బంగారాన్ని కరిగించి, రాళ్లు ఊడదీసి కొత్త పద్ధతిలో పొదిగించుకోవడం రాజకుటుంబాల్లోనూ మామూలే. కాబట్టి "ఇది ఫలానా రాజుది" అనే మాటకు రాయి ఆయనదా, పొదుగు ఆయన కాలానిదా అనే ప్రశ్నలకు వేర్వేరుగా సమాధానం దొరకాలి.

చారిత్రక నేపథ్యం

రత్నాలను పరీక్షించి నమోదు చేసే సంప్రదాయం మన దేశంలో చాలా పాతది. వరాహమిహిరుని బృహత్సంహితలో రత్నపరీక్షకు ప్రత్యేక అధ్యాయాలున్నాయి. అల్లావుద్దీన్ ఖిల్జీ కొలువులో పనిచేసిన ఠక్కుర ఫేరు 1315లో ప్రాకృతంలో రత్నపరీక్ష గ్రంథం రాశాడు. కాకతీయ ప్రతాపరుద్రుని నుంచి కప్పంగా రత్నాలు ఢిల్లీకి తరలిన కాలం కూడా అదే.

మొగల్ ఖజానా ఏర్పాటును అబుల్ ఫజల్ అయిన్-ఇ-అక్బరీలో వివరించాడు. రత్నాలను రకాన్ని, వెలను బట్టి తరగతులుగా విడదీసేవారు. ముత్యాలను తరగతులవారీగా దారాలకు గుచ్చి, దారం కొసన రాజముద్ర వేసేవారు. ఒక దండలోని ముత్యం ఇంకో దండలో కలిసిపోకుండా చేసిన ఏర్పాటు ఇది. ఇప్పుడు సంగ్రహాలయాల్లో ప్రతి వస్తువుకూ వేసే ప్రవేశ సంఖ్యకు ఇదే పూర్వరూపం అనుకోవచ్చు.

దక్షిణాదిన ఈ బాధ్యతను ఎక్కువగా శిలాశాసనాలు మోశాయి. శ్రీకృష్ణదేవరాయలు 1513 ఫిబ్రవరిలో తిరుమల శ్రీవారికి నవరత్న కిరీటం సమర్పించిన విషయం ఆలయ శాసనాల్లో ఉంది. దాత, తేదీ, వస్తువు, తూకం శాసనంలో ఉంటాయి గాని ఆ వస్తువు తర్వాత ఏమైందో ఉండదు. దానం జరిగిందనడానికి శాసనం తిరుగులేని సాక్ష్యం. నేడు భాండాగారంలో ఉన్న ఫలానా నగ అదేనని చెప్పాలంటే మధ్యలోని శతాబ్దాల పద్దులు కావాలి.

విదేశీ యాత్రికుల్లో ఫ్రెంచి రత్న వర్తకుడు జీన్ బాప్టిస్ట్ తవెర్నియే రాతలు ఈ రంగానికి చాలా విలువైనవి. 17వ శతాబ్దంలో ఆయన గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చాడు, కొల్లూరు గనిని స్వయంగా చూశాడు. అక్కడ 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. పెద్ద వజ్రాల బొమ్మలు గీసి, తూకాలు పక్కన వేశాడు. వర్తకుడి చూపుతో రాసిన ఆ కొలతలే మూడు వందల ఏళ్ల తర్వాత పరిశోధకులకు పనికొచ్చాయి. ఆ కొల్లూరు నేటి పల్నాడు జిల్లాలో పులిచింతల జలాశయం ముంపు ప్రాంతంలో ఉంది.

నగలు పెద్ద ఎత్తున చేతులు మారిన సందర్భాలు యుద్ధాలు, విలీనాలు. 1687లో గోల్కొండ ఖజానా ఔరంగజేబు వశమైంది. 1739లో నాదిర్ షా ఢిల్లీని కొల్లగొట్టి నెమలి సింహాసనంతో సహా మొగల్ రత్నాలను పర్షియాకు తరలించాడు. 1849లో పంజాబ్‌ను కలుపుకొన్న ఈస్టిండియా కంపెనీ లాహోర్ ఖజానాను స్వాధీనం చేసుకుంది. 1947 తర్వాత సంస్థానాలు విలీనమయ్యాయి, 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆ కాలంలో అనేక కుటుంబాలు నగలను నిశ్శబ్దంగా అమ్ముకున్నాయి. పై తరలింపులన్నిటిలోనూ ఈ చివరిదాని జాడ తీయడమే కష్టం. దండయాత్రను చరిత్రకారులు రాసిపెట్టారు, ఇంటి గుమ్మం దాటిన అమ్మకాన్ని ఎవరూ రాయలేదు.

రకాలు

దర్బారు నగల్లో అగ్రస్థానం తలపాగా అలంకరణలది. ముందు భాగంలో నిలిపే సర్పేచ్, ఈక ఆకారపు కల్గీ, వేలాడే తుర్రా రాజచిహ్నాలు. వాటిని ధరించే హక్కు రాజు ఇవ్వాల్సిందే. మెడకు కంఠీలు, పదక్‌లు, ఏడు పేటల ముత్యాల సత్లడా, దండకు బాజూబంద్, నడుముకు బగ్లూస్‌గా పిలిచే పట్టీలు, ఇవికాక ఉంగరాలు, గుండీలు, కడియాలు ఉండేవి. పురుషుల నగలు స్త్రీల నగలకు ఏమాత్రం తీసిపోవు. నిజాం సేకరణలో పాలకుడు దర్బారులో ధరించినవి పెద్ద సంఖ్యలో ఉన్నాయి.

విజయనగర, నాయక రాజ్యాల పరంపరలో వచ్చిన కాసులపేర్లు, వడ్డాణాలు, వంకీలు, నాగరాలు, జడబిళ్లలు, చెంపసరాలు వేరే తరహావి. వాటిలో కెంపులకు, దేవతా రూపాలకు, హంస, గండభేరుండం వంటి ఆకృతులకు ప్రాధాన్యం ఎక్కువ. ఈ రూపాలు జమీందారీ ఇళ్లలో, దేవాలయాల్లో, నాట్య వేషధారణలో ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఆకారాన్ని మాత్రమే చూసి ఒక వడ్డాణాన్ని రాజవంశానికి ఆపాదించడం తగదు.

గుర్తింపు ఆధారాలు

పత్రాలు. తోషాఖానా జాబితాలు, వీలునామాలు, పెళ్లి కానుకల పట్టీలు, బీమా పత్రాలు, వేలం కేటలాగులు, నగల సంస్థల ఆర్డరు పుస్తకాలు ఈ కోవలోకి వస్తాయి. 1920 దశకం నుంచి భారతీయ రాజులు పారిస్, లండన్ సంస్థలకు పాత రాళ్లు పంపి ప్లాటినంలో పొదిగించుకున్నారు. కార్టియర్ వంటి సంస్థలు నగ నమూనా చిత్రాలు, మూస అచ్చులు, ఫొటోలు భద్రపరచడం వల్ల ఆ కాలపు నగలకు గట్టి ఆధారాలు దొరుకుతాయి. మన ఊళ్ల కంసాలులు చేసిన అంతకంటే గొప్ప నగలకు చేసినవారి పేరైనా మిగల్లేదు.

రత్నంపై రాతలు. మొగల్, పర్షియన్ పాలకులు మేలైన రాళ్ల మీద తమ పేరు, సంవత్సరం చెక్కించేవారు. మాస్కోలోని క్రెమ్లిన్ వజ్రనిధిలో ఉన్న 88.7 కేరట్ల షా వజ్రం దీనికి మంచి ఉదాహరణ. దానిపై మూడు రాతలున్నాయి. మొదటిది అహ్మద్‌నగర్ పాలకుడు రెండో బుర్హాన్ నిజాం షాది, హిజ్రీ 1000. రెండోది షాజహాన్‌ది, హిజ్రీ 1051. మూడోది ఇరాన్ పాలకుడు ఫత్ అలీ షాది, హిజ్రీ 1242. అంటే 1591 నుంచి 1826 దాకా దక్కను, ఢిల్లీ, టెహరాన్‌ల మీదుగా సాగిన ప్రయాణం ఆ రాయి మీదే నమోదైంది. దారం కట్టుకునేందుకు చుట్టూ గీసిన సన్నని గాడి కూడా కనిపిస్తుంది, కాబట్టి దాన్ని పొదగకుండా వేలాడదీసుకునేవారని తెలుస్తుంది. టెహరాన్‌లో రష్యన్ రాయబారి గ్రిబయేదోవ్ హత్య జరిగాక 1829లో ఇరాన్ దాన్ని జారు చక్రవర్తికి సమర్పించింది.

రాత ఉన్నంత మాత్రాన రాయి చుట్టూ అల్లుకున్న కథ నిజం కాదు. బ్రిటిష్ రాచకుటుంబం దగ్గరున్న 352.5 కేరట్ల "తైమూర్ కెంపు"పై జహంగీర్, షాజహాన్, ఫరుక్‌సియర్, నాదిర్ షా, అహ్మద్ షా దుర్రానీల పేర్లున్నాయి. అది కెంపు కాదు, స్పినెల్ అనే మరో ఖనిజం. తైమూరుకూ దానికీ సంబంధం లేదని కళా చరిత్రకారిణి సూసన్ స్ట్రాంగ్ నిరూపించారు.

పనితనం. కుందన్ పనిలో మేలిమి బంగారాన్ని పల్చని రేకుగా సాగగొట్టి, రాయి చుట్టూ నొక్కి కూర్చుతారు. కొక్కేల అవసరం ఉండదు. రాయి కింద మెరుపు కోసం రేకు పరుస్తారు. ఇలాంటి నగను పరిశీలకుడు ముందుగా తిప్పి చూస్తాడు. ముందువైపు రాళ్లు మార్చినా వెనుకవైపు మీనా (రంగు గాజు పూత) పని సాధారణంగా పాతదే ఉండిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు మీనాలో పువ్వుల తీరు, అరుగుదల, మరమ్మతు చేసిన చోట రంగు తేడా చూసి కాలాన్ని, ప్రాంతాన్ని అంచనా వేస్తారు. సాన తీరు కూడా కాలాన్ని చెబుతుంది. బల్లపరుపు సాన, గులాబీ సాన, సహజ ఆకారాన్ని వదలని మొగల్ సాన పాతవి. అనేక ముఖాలతో తళుకుమనే బ్రిలియంట్ సాన ఐరోపాలో 17వ శతాబ్దం చివర మొదలై తర్వాత ఇక్కడికి చేరింది.

చిత్రాలు, ఫొటోలు. మొగల్, దక్కనీ చిత్రకారులు నగలను జాగ్రత్తగానే గీసినా, పోషకుని గొప్ప చూపించడానికి పెంచి గీయడమూ ఉండేది. ఫొటో అంతకన్నా నమ్మదగినది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలు హైదరాబాద్ నగల కాలనిర్ణయానికి ఇప్పటికీ ఆధారం. ఇక్కడ ఒక చిక్కుంది. ఆనాటి ఫొటో పలకలు నీలిరంగుకే ఎక్కువగా స్పందించేవి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ నల్లగా పడతాయి. అందువల్ల కెంపుల పతకమా, పచ్చల పతకమా అన్నది పాత ఫొటో తేల్చలేదు. రాళ్ల సంఖ్య, అమరిక, కొలతల నిష్పత్తి మాత్రం చెప్పగలదు.

తూకం. పాత పద్దుల్లో రత్తి, సుర్ఖ్, మిస్కాల్, మంజాడి వంటి కొలతలుంటాయి. అవి ప్రాంతాన్ని బట్టి మారేవి. కేరట్ కూడా ఊరికో రకంగా ఉండేది. 0.2 గ్రాముల మెట్రిక్ కేరట్ 1907లో ఆమోదం పొందింది. సాన పట్టకముందు కోహినూరు 186 కేరట్లని కొన్ని గ్రంథాల్లో, 191 అని మరికొన్నిటిలో కనిపించడానికి కారణం ఇదే. మొదటిది పాత ఆంగ్ల కేరట్లలో, రెండోది మెట్రిక్‌లో. ఇలాంటి తేడా చూసి రెండు వేర్వేరు రాళ్లని పొరబడిన సందర్భాలున్నాయి.

ప్రయోగశాల పరీక్ష. వజ్రాల్లో నత్రజని దాదాపు లేనివి టూ-ఏ తరగతి. గోల్కొండ వజ్రాల ఖ్యాతి ఈ స్వచ్ఛత వల్లే వచ్చింది. నగల సంతలో "గోల్కొండ" అనే మాటను ఈ తరగతికి పర్యాయంగా వాడేస్తున్నారు. అది సరికాదు. దక్షిణాఫ్రికాలో దొరికిన కల్లినన్ కూడా టూ-ఏ వజ్రమే. తరగతిని ప్రయోగశాల చెప్పగలదు, గని పేరును మాత్రం పత్రాలే చెప్పాలి. పచ్చల విషయంలో శాస్త్రం ఇంకొంత ముందుకెళ్లింది. 2000లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఆక్సిజన్ ఐసోటోపుల ఆధారంగా చారిత్రక పచ్చల పుట్టుకను పరిశీలించింది. ఆసియాలోని ప్రాచీన గనులవిగా పేరుపడిన 18వ శతాబ్దపు పచ్చల్లో అత్యధికం కొలంబియావని తేలింది. స్పానిష్ ఓడల్లో అట్లాంటిక్, పసిఫిక్ దాటి భారత దర్బార్లకు చేరిన రాళ్లవి. ముత్యం సహజమైనదా, పెంచినదా అన్నది ఎక్స్‌రే చెబుతుంది. పెంపకపు ముత్యాలు 20వ శతాబ్దం తొలి దశకాల్లో సంతకు వచ్చాయి. కాబట్టి 18వ శతాబ్దపు హారంలో అలాంటి ముత్యం ఉంటే తర్వాత చేర్చినదే.

ఆధారాలు కలిసిన రెండు ఉదాహరణలు

కొల్లూరు గనిదని భావించే పెద్ద నీలి వజ్రాన్ని తవెర్నియే 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. 1673లో దాన్ని సుమారు 69 కేరట్లకు సానబట్టారు. ఫ్రెంచి నీలం అని పిలిచేది ఈ రాయినే. 1792 సెప్టెంబరులో విప్లవ కల్లోలంలో ఫ్రెంచి రాజ్య ఆభరణాలతోపాటు అదీ దొంగతనానికి గురైంది. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1812లో, లండన్‌లో ఒక వర్తకుని దగ్గర మరో నీలి వజ్రం ఉన్నట్టు నమోదైంది. నేడు స్మిత్సోనియన్ సంస్థలో ఉన్న 45.52 కేరట్ల హోప్ వజ్రం అదే. ఫ్రెంచి నీలమే దాని పూర్వరూపం అన్న ఊహ చాలాకాలం ఊహగానే ఉంది. 2007లో పారిస్ ప్రకృతి చరిత్ర సంగ్రహాలయంలో ఖనిజ శాస్త్రవేత్త ఫ్రాన్స్వా ఫార్జ్‌కు సీసంతో పోసిన ఒక అచ్చు దొరికింది. ఎవరూ పట్టించుకోకుండా సొరుగులో పడి ఉన్న ఆ అచ్చు ఫ్రెంచి నీలానిదే. దాని కొలతలు కంప్యూటర్‌లోకి ఎక్కించి చూస్తే హోప్ వజ్రం అందులో సరిగ్గా ఒదిగింది. ఒక్క సీసపు ముద్ద రెండు శతాబ్దాల చర్చను ముగించింది.

రెండోది దరియా-ఇ-నూర్. 1642లో గోల్కొండలో తాను చూసిన పెద్ద పలక వజ్రం బొమ్మను తవెర్నియే గీశాడు. 1960 దశకంలో కెనడాలోని రాయల్ ఒంటారియో సంగ్రహాలయం నిపుణులు ఇరాన్ రాజ్య ఆభరణాలను పరిశీలించారు. అక్కడి లేత గులాబీ రంగు దరియా-ఇ-నూర్, అదే రంగున్న నూర్-ఉల్-ఐన్ రెండూ ఆ పలక వజ్రాన్ని పగలగొట్టగా వచ్చినవేనని రంగు, ఆకారం, కొలతల ఆధారంగా నిర్ధారించారు.

నిజాం ఆభరణాలు

అసఫ్‌జాహీ వంశం 1724 నుంచి 1948 దాకా హైదరాబాద్‌ను పాలించింది. వంశ స్థాపకుడు మొగల్ సుబేదారు కావడంతో ఢిల్లీ దర్బారు కానుకలు, సామంతుల నజరానాలు, కొనుగోళ్లు, బ్రిటిష్ కాలపు ఆర్డర్లు అన్నీ ఈ సేకరణలో చేరాయి. వీటిని కుతుబ్ షాహీ నగలని చెప్పడం వాడుక. అయితే కుతుబ్ షాహీల గోల్కొండ పతనానికీ నిజాం రాజ్య ఆరంభానికీ మధ్య 37 ఏళ్లున్నాయి. ఒక నగను కుతుబ్ షాహీలకు ఆపాదించాలంటే ఆ వ్యవధిలో అది ఎక్కడుందో చూపాలి.

సేకరణలో అందరికీ తెలిసినది జేకబ్ వజ్రం. తూకం సుమారు 185 కేరట్లు. హైదరాబాద్‌లో ఉంది కనుక గోల్కొండ వజ్రమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది 1884లో దక్షిణాఫ్రికాలో బయటపడింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో సానబట్టారు. విక్టోరియా, ఇంపీరియల్ అనే పేర్లతో ఐరోపాలో తిరిగింది. సిమ్లాలో రత్న వర్తకం చేసే అలెగ్జాండర్ మాల్కం జేకబ్ 1891లో దాన్ని మహబూబ్ అలీ ఖాన్‌కు చూపాడు. మధ్యవర్తి నిజాం అంతరంగిక సేవకుడు ఆల్బర్ట్ ఆబిద్. హైదరాబాద్ ఆబిడ్స్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. 46 లక్షల రూపాయలకు బేరం కుదిరి, 23 లక్షలు ముందుగా చెల్లించాక బేరం చెడింది. వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కి, నిజాం స్వయంగా వాంగ్మూలం ఇవ్వాల్సి వచ్చింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు గాని వ్యాపారం దెబ్బతింది, వజ్రం చివరికి నిజాంకే మిగిలింది. మహబూబ్ అలీ ఖాన్ పోయాక కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని తండ్రి చెప్పు ముందు భాగంలో గుర్తించి, కాగితాలు ఎగరకుండా పెట్టే బరువుగా వాడాడని ప్రసిద్ధి. చెప్పు సంగతి కుటుంబ కథనం. కోర్టు పత్రాలు మాత్రం ఈ వజ్రానికి ఏ భారతీయ వజ్రానికీ లేనంత పటిష్ఠమైన పూర్వచరిత్రను ఇచ్చాయి.

ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1951, 1952లలో రెండు ఆభరణాల ట్రస్టులు ఏర్పాటు చేశాడు. తానూ, పెద్ద కొడుకు ఆజం జాహ్ మరణించిన తర్వాతే అమ్మకం జరగాలన్నది నిబంధన. ఆయన 1967లో, ఆజం జాహ్ 1970లో మరణించారు. ట్రస్టు అమ్మకానికి సిద్ధమైనప్పుడు కేంద్రం అడ్డుకుంది, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి 1995లో భారత ప్రభుత్వం జేకబ్ వజ్రం, పొదగని పచ్చలు, బస్రా ముత్యాల సత్లడాతో సహా 173 వస్తువులను సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. కళా చరిత్రకారిణి ఉషా బాలకృష్ణన్ వీటిని అధ్యయనం చేసి ప్రచురించిన గ్రంథం ఈ సేకరణకు ప్రామాణిక జాబితా. ట్రస్టు ఏర్పాటులో ఉన్న గొప్ప మేలు ఇదే. వస్తువులు ఒకచోట, ఒక పట్టీలో, విడిపోకుండా నిలిచాయి.

పట్టీకి ఎక్కని నగల గతి వేరు. 1947లో బ్రిటిష్ రాకుమారి ఎలిజబెత్ పెళ్లికి నిజాం కార్టియర్ లండన్ దుకాణంలో నచ్చినవి ఎంచుకోమని కోరగా ఆమె ఒక వజ్రాల కిరీటం, హారం తీసుకున్నారు. హారం ఇప్పటికీ "హైదరాబాద్ నిజాం హారం" పేరుతోనే వాడుకలో ఉంది. కిరీటాన్ని 1973లో విప్పేసి, దాని వజ్రాలను బర్మా ప్రజలు ఇచ్చిన కెంపులతో కలిపి వేరే కిరీటం చేయించారు. విప్పేసిన కిరీటంలోని మూడు పువ్వులు మాత్రం పతకాలుగా మిగిలాయి. అదే సంస్థ తయారు చేసి, అదే సందర్భంలో ఇచ్చిన జంటలో ఒకటి పూర్తిగా ఉంది, రెండోది కాగితం మీదే ఉంది.

చెదిరిన సేకరణలు

అలా చెదిరిన సేకరణల్లో బరోడాది ఒకటి. ఆ ఉదంతంలో పిఠాపురం పేరు వస్తుంది. పిఠాపురం రాజావారి కుమార్తె సీతాదేవి 1943లో బరోడా మహారాజు ప్రతాప్‌సింగ్ గైక్వాడ్‌ను వివాహమాడారు. సంస్థానం విలీనమయ్యే సమయానికి ఖజానాలోని ప్రసిద్ధ నగలు కొన్ని ఆమెతోపాటు ఐరోపా చేరాయి. వాటిలో పేటలకు పేటల ముత్యాల హారం, ముత్యాల తివాచీ ఉన్నాయి. ఖండేరావ్ గైక్వాడ్ కాలంలో చేయించిన ఆ తివాచీ 2009లో దోహాలో సుమారు 55 లక్షల డాలర్లకు వేలమైంది. ఆమె పచ్చలు, వజ్రాల కాలి నగలను న్యూయార్క్ వర్తకుడు హ్యారీ విన్‌స్టన్ హారంగా మార్చి విండ్సర్ డచెస్‌కు అమ్మాడు. ఒక విందులో సీతాదేవి ఆ రాళ్లు గుర్తుపట్టి, అవి తన కాళ్లకు ఉండేవని అనడంతో డచెస్ హారం తిప్పి పంపారని చెబుతారు. పొదుగు మారినా రాయిని కంటితో పోల్చుకోవడం కొన్నేళ్లు ధరించిన వారికి సాధ్యమే.

హైదరాబాద్, బరోడా చరిత్రలు ఒక రాయి దగ్గర కలుస్తాయి. 34.65 కేరట్ల గులాబీ వజ్రం నిజాంలది. 1960లో లండన్ వేలంలో "ఒక పెద్దమనిషి ఆస్తి"గా అమ్ముడైంది. కొన్న వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ సంస్థ దానికి సీతాదేవి కుమారుడి ముద్దుపేరు "ప్రిన్సీ" పెట్టింది. 2013లో న్యూయార్క్‌లో అది 3.93 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది, ఆ వెంటనే యాజమాన్యంపై దావా నడిచింది. వేలం కేటలాగులో అమ్మకందారు పేరు దాచే ఆచారం ఈ శోధనకు పెద్ద అవరోధం.

పాటియాలా మహారాజు భూపీందర్ సింగ్‌కు కార్టియర్ 1928లో చేసిన హారంలో 2,930 వజ్రాలుండేవి. మధ్యలో 234 కేరట్ల డీబీర్స్ వజ్రం ఉండేది. 1948 ప్రాంతంలో హారం ఖజానా నుంచి మాయమైంది. 1982లో పెద్ద వజ్రం జెనీవా వేలంలో కనిపించింది. 1998లో లండన్‌లో హారం చట్రం రాళ్లు ఊడిపోయిన స్థితిలో దొరికింది. కార్టియర్ తన పాత పత్రాల ఆధారంగా కృత్రిమ రాళ్లతో దాన్ని పునర్నిర్మించింది.

కోహినూరు: కథ, ఆధారం (చూ. గోల్కొండ వజ్రాలు)

కోహినూరు ఓరుగల్లు భద్రకాళి అమ్మవారి కన్నుగా ఉండేదని, కాకతీయుల నుంచి ఖిల్జీ సేనలకు చిక్కిందని తెలుగునాట బలమైన నమ్మకం. ప్రతాపరుద్రుడు వజ్రాలు సమర్పించడం చారిత్రకం. ఆ వజ్రాల్లో ఒకటి కోహినూరే అనడానికి సమకాలీన ఆధారం లేదు. బాబరు తన ఆత్మకథలో రాసిన గొప్ప వజ్రం ఇదేనా అన్నదీ రుజువు కాలేదు. కోహినూరును పేరుతో ప్రస్తావించిన తొలి నమ్మదగిన కథనం నాదిర్ షా దండయాత్ర తర్వాతది. పర్షియన్ చరిత్రకారుడు మహమ్మద్ కాజిం మార్వీ దాన్ని నెమలి సింహాసనంలో చూసినట్టు రాశాడు. అక్కడి నుంచి గొలుసు తెగకుండా సాగుతుంది. అహ్మద్ షా దుర్రానీ, షా షుజా, 1813లో రంజిత్ సింగ్, 1849లో బాలుడైన దులీప్ సింగ్ నుంచి బ్రిటిష్ రాణి. 1852లో దాన్ని 105.6 కేరట్లకు కోయించారు. రంజిత్ సింగ్ ధరించిన బాజూబంద్ స్ఫటికపు నకలుతో లండన్‌లో ఉంది. భారత మూలపు వజ్రం అనడంలో సందేహం లేదు. ఓరుగల్లు ఘట్టాన్ని మాత్రం సంప్రదాయ కథగానే నమోదు చేయాలి.

చట్టం, భద్రత, ప్రదర్శన

1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నగను ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి ఎగుమతి చేయకూడదు. అంతకుముందే వెళ్లిపోయిన వాటికి ఇది వర్తించదు. 2019 జూన్‌లో న్యూయార్క్‌లో జరిగిన అల్ థానీ సేకరణ వేలంలో నిజాంల ఉత్సవ ఖడ్గం, వజ్రాల హారం సహా మొగల్, సంస్థాన వస్తువులు సుమారు 10.9 కోట్ల డాలర్లు పలికాయి. వాటిని ఆపే చట్టపరమైన మార్గం మన దగ్గర లేదు. ఎప్పుడు, ఎలా దేశం దాటాయో చూపే పత్రం ఉంటేనే తిరిగి అడగడం సాధ్యమవుతుంది.

దొంగతనం జరిగినప్పుడు మొదటి ప్రమాదం నగ ముక్కలవడం. 2025 అక్టోబరు 19న పారిస్ లూవ్ర్ సంగ్రహాలయం నుంచి ఫ్రెంచి రాజవంశాల ఎనిమిది నగలను దొంగలు ఎత్తుకెళ్లారు. పారిపోతూ జారవిడిచిన మరో నగ, యూజెనీ రాణి కిరీటం, దెబ్బతిన్న స్థితిలో దొరికింది. ప్రతి రాయి తూకం, కొలత, లోపల ఉన్న మచ్చల చిత్రం ముందే నమోదై ఉంటే విడదీసిన రాయినైనా పట్టుకోవచ్చు. మన దేవస్థానాల్లో, పాత సంస్థానాల కుటుంబాల్లో మిగిలిన నగలకు ఈ స్థాయి నమోదు అత్యవసరం.

1995లో ప్రభుత్వం కొన్న నిజాం ఆభరణాలు ముంబయిలోని రిజర్వ్ బ్యాంకు ఖజానాలో ఉన్నాయి. వాటిని 2001లో ఢిల్లీ జాతీయ సంగ్రహాలయంలో, హైదరాబాద్ సాలార్‌జంగ్ సంగ్రహాలయంలో ప్రదర్శించారు. 2019లో మరోసారి ఢిల్లీలో ప్రదర్శించారు. వాటికి హైదరాబాద్‌లో శాశ్వత ప్రదర్శనశాల కావాలన్న కోరిక ఇంకా నెరవేరలేదు.